తువ్వాల తగిలించే చోటు లేని యంత్రం

పెంచి చెప్పే జబ్బు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. ఇంట్లోకి పిల్లి దూరితే బజారులో పులి దూరిందని చెప్పుకునే రకం నేను. ఏం చెప్పినా మా ఆవిడ అందులో సగం కొట్టేస్తుంది, మిగిలినదాంట్లో మళ్ళీ సగం కొట్టేస్తుంది, ఆ ముక్కను కూడా పక్కింటివాళ్ళను అడిగి ఖాయం చేసుకున్నాకే నమ్ముతుంది. ఇది చదివే పిల్లలు కూడా అదే పద్ధతి పాటించండి. నేను ఏనుగంత అన్నచోట దున్నపోతంత అనుకోండి. దున్నపోతంత అంటే మేకంత. ఒక్క భయం దగ్గర మాత్రం ఏమీ కొట్టేయకండి. భయపడ్డానని రాసిన చోటల్లా నిజంగానే భయపడ్డాను.

ఈ మధ్య మా తోడల్లుడి కొడుకు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంట్రోల్ రూము ఉద్యోగానికి కుదిరాడు. చేరేముందు ఇంటికొచ్చి, "బాబాయ్, మీ కాలంల కంప్యూటర్లు ఎట్లుండేటివి? నాకేమన్న జెప్పు" అన్నాడు. కంచంలో అన్నం చల్లారిపోయేదాకా చెప్పాను. లేచి వెళ్తూ వాడు, "గా తువ్వాల ముచ్చట రాసిపెట్టు బాబాయ్, మా దోస్తులకు గూడ జూపిస్త" అన్నాడు. అందుకే రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయను, వస్తే కదా. యాభై దాటగానే నా అంతట నేనే ఉద్యోగం మానేశాను. నా మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. ధైర్యం ముందే రిటైరైంది.

మిర్యాలగూడలో మొదటి డబ్బా

ఎనభైల చివర్లో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు కంప్యూటర్ కొన్నాడు. నేనప్పుడు డిప్లొమా చేతపట్టుకుని సూర్యాపేటలో కరెంటు ప్యానెళ్ళు బిగించే షాపులో పనిచేస్తున్నాను. ఆ డబ్బాకు వైరింగు చేసి రమ్మని నన్ను పంపారు. అది హైదరాబాదు నుంచి లారీలో, వరిగడ్డి పరుపు మీద, కొత్త కోడలిలాగా వచ్చింది. బరువు ఏనుగంత. దించేసరికి హమాలీల నడుములు పట్టేసి ఆ వారం మిర్యాలగూడలో ఒక్క బస్తా కదల్లేదు.

సేటు దానికి గుమ్మడికాయతో దిష్టి తీశాడు. తెరకు కుంకుమ బొట్టు పెట్టాడు. మెడ ఎక్కడుందో తెలియక పూలదండ కీబోర్డుకు వేశాడు. మిల్లులో దుమ్ము పడని గది ఒక్కటే ఉండేది, గుమాస్తా కూర్చునేది. ఏసీ అక్కడ బిగించి, కంప్యూటర్‌ను అక్కడ కూర్చోబెట్టి, గుమాస్తాను తవుడు బస్తాల పక్కన వరండాలోకి పంపారు. ఆ ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, లోపల ఆవలిస్తే ఆవలింత గడ్డకట్టి కాళ్ళ దగ్గర పడేది.

అంత చేసినా సేటుకు ఆ డబ్బా అంటే చచ్చేంత భయం. దాని ముందు బియ్యం రేటు మాట్లాడేవాడు కాదు. ఒకరోజు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి చెవిలో అడిగాడు.

"మనం మాట్లాడుకునేది గిది యాదుంచుకుంటదా?"

"మనం టైపు కొట్టిందే యాదుంటది సేటూ. మాట్లాడింది ఉండదు."

"ఏమో! గీ బజార్ల ఇంకో మిల్లాయన గూడ గిసొంటిదే తెస్తున్నడంట. రెండు ఒక్కటై మన రేట్లు చెప్పుకుంటే?"

ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వాను. ఇప్పుడు జేబులో ఫోను పెట్టుకుని తిరుగుతున్నాను కాబట్టి నవ్వడం మానేశాను.

కొన్నాళ్ళకే, మిల్లులో పెద్ద మోటారు ఆగిన క్షణంలో జనరేటర్ ఓల్టేజి ఒక్కసారిగా ఎగిసింది. డబ్బాలోంచి ఢామ్మని చప్పుడు. దాని వెనక నల్లటి పొగ. మిర్యాలగూడ సగం కమ్ముకుంది ఆ పొగ. నేను వడ్ల బస్తాల వెనక దూరాను. కాసేపటికి సేటు తలుపు సందులోంచి తొంగిచూసి, "గుమ్మడికాయ చిన్నగైంది" అని తేల్చేశాడు. నాకు ఆ పొగ వాసన ఇప్పటికీ గుర్తుంది. కాలిన ప్లాస్టిక్కులో కుంకుమ కలిసిన వాసన.

అక్కడ నేర్చుకున్నది ఓల్టేజి గురించి కాదు. కొత్త యంత్రం రాగానే మనం భయంతో దానికి గది ఖాళీ చేసిస్తాం. ఆ గదిలోంచి బయటికి పోయిన మనిషిని మళ్ళీ లోపలికి రమ్మని ఎవరూ పిలవరు. గుమాస్తా ఆ వరండాలోనే ముసలివాడయ్యాడు. డబ్బా పేలిపోయాక కూడా గది దానిదే.

రూప్లా ఎర్రగళ్ళ తువ్వాల

తొంభైల మొదట్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. పేరు అడగకండి, ఎక్కడో చెప్పను. కోదాడలో కిరాయి ఇల్లు తీసుకుని పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కేవాణ్ణి. ఆ దారిలో చెట్లన్నీ సిమెంటు దుమ్ముకు తెల్లవెంట్రుకలు వచ్చినట్టు ఉండేవి. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ గుర్తుపట్టక, ఎవరు కావాలని అడిగేది.

ఆ ఫ్యాక్టరీలో బాల్ మిల్లు ఉండేది. పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా అనుకోండి. సూర్యాపేట బస్టాండును బస్సులతో సహా అందులో పెట్టి మూత వేయొచ్చు. లోపల ఇనుప గుండ్లు, నిమ్మకాయంతవి కొన్ని, కొబ్బరికాయంతవి కొన్ని. పీపా తిరుగుతుంటే గుండ్లు పైదాకా లేచి కిందపడి రాయిని పిండి చేస్తాయి. ఆ చప్పుడుకు కోదాడలో పసిపిల్లలు ఉయ్యాలలో ఉలిక్కిపడేవాళ్ళు. రాయి ఎంతసేపట్లో పిండవుతుందో మేం గర్వంగా చెప్పుకునేవాళ్ళం. మనిషైతే ఎంతసేపన్నది ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

పీపా లోపలి గోడకు ఇనుప పలకలు బోల్టులతో బిగించి ఉంటాయి. అవి వదులైతే మిల్లు ఆపి, పక్కనున్న చిన్న తలుపు విప్పి, ఒక మనిషి లోపలికి పాకి బిగించాలి. అది రూప్లా పని. రూప్లా దగ్గర్లోని తండా నుంచి వచ్చే ఫిట్టరు. నాకంటే పెద్దవాడు, రూప్లన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన మీసం ముందు తలుపులోకి పోయేది, కాసేపయ్యాక ఆయన పోయేవాడు.

మోటార్లన్నీ అప్పట్లో పాత ప్యానెల్ గదిలోంచి నడిచేవి. గోడ పొడవునా ఇనుప పెట్టెలు, ఒక్కో మోటారుకు మోచేయంత హ్యాండిల్. పైకెత్తితే మోటారు తిరుగుతుంది, దించితే ఆగుతుంది. రూప్లా మిల్లులోకి దిగేముందు ఆ గదికి వచ్చి, మిల్లు హ్యాండిల్ దించి, భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాల దానికి కట్టేవాడు. తువ్వాల ఉన్నంతసేపూ ఆ హ్యాండిల్‌ను ఎవరూ ముట్టరు. కట్టినవాడే వచ్చి విప్పాలి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. జనరల్ మేనేజరు వచ్చి అరిచినా, ప్యానెల్ మనిషి తువ్వాల చూపించి ఊరుకునేవాడు.

చేరిన కొత్తలో నా డిప్లొమా ఊరుకోక అడిగాను.

"తువ్వాలెందుకన్నా? తాళం వేస్తే అయిపోతది కదా."

"తాళం ఎవనిదో ఎట్ల తెలుస్తది సారూ? తువ్వాల జూస్తె రూప్లా లోపలున్నడని అందరికెరుకైతది. సూడకున్న వాసనొస్తది."

నిజమే. బీడీ, తంబాకు, పొద్దుటి చెమట కలిసిన ఆ వాసన గది మొత్తానికి తెలుసు.

అద్దాల గది

కొన్నేళ్ళకు కంప్యూటర్ కంట్రోల్ వచ్చింది. పాత గదిలో గోడనిండా టకటకమని కొట్టుకునే రిలే స్విచ్చులుండేవి. వాటన్నిటి పనీ టిఫిన్ క్యారియరంత పెట్టె ఒకటి చేస్తుందన్నారు. చేసింది కూడా. ఇక్కడ నేను ఒక్క అంగుళం పెంచలేదు. నాకది అద్భుతంగానూ ఉంది, వెన్నులో చలిగానూ ఉంది. రిలే చెడితే కాలిన వాసన వచ్చేది. ఈ పెట్టె ఏం ఆలోచిస్తోందో బయటికి ఏ వాసనా వచ్చేది కాదు.

పెట్టెకు రంగుల తెర తగిలించారు. తెర మీద మా మిల్లు బొమ్మ, ఒక్కో భాగానికి ఒక్కో చుక్క. ఆగి ఉంటే ఎరుపు, సిద్ధం కాకపోతే పసుపు, నడుస్తుంటే ఆకుపచ్చ. ఆపరేటర్ ఒక్క మీట ఒత్తితే చాలు. ముందు సైరన్ మోగుతుంది. తర్వాత ఆయిల్ పంపు నడుస్తుంది. ఆయిల్ ప్రెషర్ సరిగ్గా ఉందని సెన్సార్ చెప్పగానే, ఇంకెవరినీ అడక్కుండా మిల్లు దానంతటదే తిరుగుతుంది.

ఇదంతా పెట్టించింది మా చీఫ్ ఇంజనీరు ప్రసాదరావు గారు. కృష్ణ అవతలి జిల్లా నుంచి వచ్చినాయన. సిమెంటు ఫ్యాక్టరీలో తెల్లచొక్కా తెల్లగానే ఇంటికి తీసుకెళ్ళగలిగిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. కంప్యూటర్ కోసం అద్దాల గది కట్టించి, తలుపు మీద బోర్డు పెట్టించారు: "చెప్పులతో, దుమ్ము బట్టలతో లోపలికి రాకూడదు." ఆయన్ని తప్పుపట్టలేను. ఆ రోజుల్లో చిటికెడు సిమెంటు పడితే ఫ్లాపీ చచ్చేది. కానీ మా దగ్గర దుమ్ము లేని బట్టలు ఎవరికున్నాయి? చీఫ్‌కు, కోదాడ కుర్రాడు ఆపరేటర్ మురళికి, సెన్సార్లు చూసే నాకు. అంతే.

ఒకరోజు రూప్లా ఏదో చెప్పాలని వచ్చి తలుపు సగం తెరిచాడు.

"ఏయ్, ఆగక్కడే!" చీఫ్ కుర్చీలోంచి లేచారు. "ఆ బట్టలతో లోపలికొస్తావేంటయ్యా?"

"మిల్లుల పలక మోగుతున్నది సార్, జెప్పిపోదామని..."

"చెప్పేదేదో బయటినుంచే చెప్పు. అద్దంలోంచి కనపడుతున్నావుగా."

"కనబడుత గని, ఇనబడ్తనా సార్?"

మురళి నవ్వాడు. నేను నవ్వాను. చీఫ్ కూడా నవ్వారు. తలుపు మాత్రం మూసుకుంది.

పాత గదిలో హ్యాండిళ్ళ తీగలు కోసేశారు, పెట్టెలు మాత్రం గోడకు అట్లాగే వదిలేశారు. మిల్లు దగ్గరి సెన్సార్ల తీగలు ఇప్పటికీ ముందు ఆ గదికే వచ్చి, అక్కడినుంచి కొత్త కేబుల్లో అద్దాల గదికి పోయేవి. ప్యానెల్ మనిషిని బస్తాలు నింపే చోటికి మార్చారు.

"హ్యాండిళ్ళు సచ్చినయని నాకెరుకే సారూ," అన్నాడు రూప్లా ఒకసారి నాతో. "మరి తువ్వాల యాడ తగిలియ్యాలె?"

చీఫ్‌ను అడిగాను. "మిల్లు దగ్గర ఫోనుంది కదండీ, చేసి చెప్పమనండి" అన్నారు. ఉంది. ఆ ఫోనులో ఎవరు మాట్లాడినా వానలో రేకుల షెడ్డు మాట్లాడినట్టు ఉండేది.

పసుపు చుక్క

ఇప్పుడు ఆ రోజు సంగతి. చివరిదాకా దాచిపెట్టి మిమ్మల్ని అదరగొట్టను. ఆ పొద్దున రూప్లా మిల్లు లోపల ఉన్నాడు. అద్దాల గదిలో ఉన్న మా ముగ్గురికీ ఆ సంగతి తెలియదు. ఇది మనసులో పెట్టుకుని చదవండి.

ఎండాకాలం. తెల్లవారుజామున మిల్లు దానంతటదే ఆగిపోయింది. ఆయిల్ ప్రెషర్ సెన్సార్ మొరాయించింది. ఆయిల్ నిండుగా ఉన్నా లేదని చెప్పడం ఆ వారమంతా దానికి అలవాటైంది. డ్యూటీకి వచ్చిన రూప్లా ఆగిన మిల్లును చూశాడు. మోగుతున్న పలకను బిగించడానికి ఇంతకంటే మంచి అదను ఉండదనుకున్నాడు. ఫోను చేశాడు, గరగర తప్ప ఏమీ వినపడలేదని మురళి పెట్టేశాడు. ఇక చేతికి అలవాటైన పని చేశాడు రూప్లా. పాత గదికి వెళ్ళి, చచ్చిపోయిన హ్యాండిల్‌కు తువ్వాల కట్టి, వచ్చి మిల్లులోకి పాకాడు. తలుపు దగ్గర కాపలా ఉండాల్సిన మనిషి బోల్టుల కోసం స్టోరుకు వెళ్ళాడు.

చీఫ్ అద్దాల గదిలోకి వచ్చేసరికి తెర మీద మిల్లు ఎర్రగా ఉంది.

"ఏంటి మురళీ, ఇంకా ఆగే ఉందా?"

"మళ్ళీ ఆ సెన్సారేనండి."

"ఒకసారి స్టార్ట్ కొట్టు, చూద్దాం."

మురళి మీట ఒత్తాడు. దూరంగా సైరన్ మోగింది. అద్దాల వెనక మాకది దోమ పాట అంత వినపడింది. ఇనుప పీపా లోపల ఉన్నవాడికి ఎంత వినపడి ఉంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు. అప్పటినుంచి మాత్రం ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆయిల్ పంపు చుక్క ఆకుపచ్చ అయింది. ప్రెషర్ చుక్క పసుపు దగ్గర ఆగింది. మిల్లు చుక్క ఎర్రగా, పసుపు చుక్క ఎప్పుడు మారుతుందా అని ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"ఆ సెన్సార్‌ను బైపాస్ చేసేయండి," అన్నారు చీఫ్ నాతో. "పాత గదిలో దాని రెండు కొసలూ కలిపేస్తే ప్రెషర్ ఉన్నట్టే అనుకుంటుంది కంప్యూటర్. కొత్తది వచ్చాక తీసేద్దురుగాని."

"సార్, ఒక్కసారి మిల్లు దగ్గరికి పోయి చూసొస్త."

"చూడ్డానికేముందండీ? అంతా తెర మీద కనిపిస్తూనే ఉంది. మురళీ, నువ్వు ఆపకు, అట్లాగే ఉంచు. ఈయన అక్కడ కలపగానే అదే అందుకుంటుంది."

నాకు సెన్సార్ అంటే భయం, మిల్లంటే భయం, వాటికంటే చీఫ్ అంటే భయం. జానెడు తీగ ముక్క, స్క్రూడ్రైవర్ తీసుకుని బయల్దేరాను. ఆవరణలో ఎండకు కాకులు ఎగరడం మానేసి నీడ చూసుకుని నడుస్తున్నాయి. అవతల షెడ్డులోంచి ఆయిల్ పంపు చప్పుడు వస్తోంది. సన్నగా, ఆగకుండా, ఎవరో నోరు మూసుకుని మూలిగినట్టు.

పాత గదిలో చీకటి. కొసలు వెతికి, తీగ ఒక చివరను స్క్రూ కింద బిగించాను. రెండో చివర వేళ్ళ మధ్య పట్టుకుని అవతలి కొస దగ్గరికి తీసుకెళ్ళాను. అది తగిలితే చాలు. ఇక ఎవరూ ఏ మీటా ఒత్తక్కర్లేదు. ఆ క్షణంలో ఆ మిల్లుకు మీట నా చూపుడువేలే.

చెమట కంట్లో పడి మండింది. కుడిచేయి కదపకుండా ఎడమచేత్తో తడిమి, అందిన గుడ్డ లాగి ముఖం తుడుచుకున్నాను.

బీడీ. తంబాకు. పొద్దుటి చెమట.

కళ్ళు తెరిచి చూశాను. ఎర్రగళ్ళు. ముడి ఊడి నా చేతిలోకి వచ్చేసిన తువ్వాల. దాని వెనక, కిందికి దించి ఉన్న మిల్లు హ్యాండిల్.

వెంట్రుకను మోకంత చేసి చెప్పడం నా వృత్తి. ఆ రోజు తీగకూ కొసకూ మధ్య వెంట్రుకంతే ఉంది, దాన్ని పెంచడానికి నాకు నోరు రాలేదు. చెయ్యి వెనక్కి తీయాలని తెలుసు. సరిగ్గా అప్పుడే ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. నాది కానట్టు, ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టు. వణికిన ప్రతిసారీ తీగ అటే పోతోంది. ఊపిరి బిగబట్టి తీగను నా వైపు వంచాను. స్క్రూ విప్పాను. ఊడిన ముక్కను ఎక్కడ పెట్టినా ఎక్కడో తగులుతుందన్న పిచ్చిభయంతో నోట్లో పెట్టుకున్నాను. గది ఫోను ఎత్తాను.

"హలో, ఎవరండీ?" అన్నాడు మురళి.

నోట్లో తీగ. మూలుగు తప్ప ఏమీ రాలేదు. ఉమ్మేశాను.

"ఆపు! మిల్లుల మనిషున్నడు! ఆపురా!"

అవతల ఫోను కిందపడిన చప్పుడు. తర్వాత పంపు చప్పుడు ఆగింది. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

తువ్వాల చేతబట్టుకుని పరిగెత్తాను. మిల్లు తలుపు దగ్గర నిలబడి రూప్లన్నా అని అరిచాను. ముందు మీసం వచ్చింది. తర్వాత తల వచ్చింది. నా చేతిలో ఉన్నదాన్ని చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

"ఏంది సారూ, నా తువ్వాల నీ చేతులకెట్లొచ్చె? పట్టపగలే దొంగతనం సురువు జేసినవా?"



తెర మీద ఎర్రగళ్ళు

చీఫ్ పరిగెత్తుకుంటూ వచ్చారు, వట్టి కాళ్ళతో. చెప్పులు అద్దాల గది గుమ్మం దగ్గరే ఉన్నాయి. కాలిపోతున్న ఆ నేల మీద అంతదూరం ఎట్లా వచ్చారో ఆయనకే తెలియదు. మర్నాడు స్క్రూడ్రైవర్ తెప్పించుకుని తలుపు మీది బోర్డును తనే విప్పారు.

కొన్నాళ్ళయ్యాక రూప్లాను పిలిపించారు. రూప్లా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రావయ్యా, లోపలికి రా."

"దుమ్మున్నది సార్."

"ఉండనీ. నీ తువ్వాల ఈ గదిలో ఎక్కడ తగిలిస్తావో నువ్వే చూపించు."

రూప్లా గదంతా చూశాడు. గోడలకు మేకులు లేవు. కంప్యూటర్ పెట్టెకు కొక్కెం లేదు. భుజం మీంచి తువ్వాల తీసి, దులిపి, రంగుల తెర మొత్తం కప్పేశాడు. దులిపినప్పుడు లేచిన దుమ్ముకు చీఫ్ కళ్ళు మూసుకున్నారు.

"అయ్యో, అట్లాగైతే నాకేమీ కనపడదండీ!" అన్నాడు మురళి.

"కనబడకుంటె ఒత్తవు గద పిలగా."

అదే మా పద్ధతి అయింది. మిల్లులోకి ఎవరు దిగినా ముందు అద్దాల గదికి వచ్చి తెర మీద తువ్వాల వేయాలి. దానికి తోడు మిల్లు మోటారు ఫ్యూజు పీకి, దిగేవాడి జేబులోనే పెట్టడం మొదలుపెట్టాం. తువ్వాల జారిపోవచ్చు, నేను లాగినట్టు ఇంకో తెలివైనవాడు లాగొచ్చు. జేబులో ఉన్న ఫ్యూజు ఎవరూ లాగలేరు. హైదరాబాదు నుంచి ఇంజనీర్లు వచ్చి, "అదేంటి, తెర మీద ఆ మురికిగుడ్డ?" అని అడిగితే మురళి లేచి నిలబడి, "లోపల మనిషున్నాడండీ" అనేవాడు. దుమ్ముకు కీబోర్డులు చచ్చాయి, ఫ్లాపీలు చచ్చాయి. కొత్తవి కొన్నాం.

ఇక, కొత్తగా చేరేవాళ్ళకు నా ముక్కుసూటి మాటలు. చీఫ్ చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, ఆ తెర ఎంత బాగా చూపిస్తుందో చూసి మురిసిపోయినవాడు. తెర చూపించనిది కూడా ఉంటుందని ఆ ఒక్క పొద్దున మర్చిపోయాడు. మీ పై అధికారి కంప్యూటర్ అన్నీ చూపిస్తుందని అంటే, మీరు లేచి వెళ్ళి చూసిరండి. వద్దన్నా వెళ్ళండి. తిడితే తిట్టించుకోండి. సెన్సార్ అబద్ధం చెబుతోందని మీకు ఖాయంగా తెలిసినా దాన్ని బైపాస్ చేయకండి. ఆ వారమంతా మేం తిట్టిపోసిన సెన్సారే రూప్లాకూ ఆ గుండ్లకూ మధ్య నిలబడింది. అది చెడిపోయి ఉండటం వల్ల ఒక మనిషి బతికాడు. ఏ తెలివితేటల వల్లా కాదు.

నా కళ్ళముందే కంప్యూటర్ ఏనుగంత నుంచి అరచేతికి వచ్చింది. ఎక్కడో వేరే ఊళ్ళో కూర్చుని మిల్లు తిప్పొచ్చని మా తోడల్లుడి కొడుకు చెబుతున్నాడు. తిప్పండి. మిల్లు మాత్రం అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. దాని తలుపులో ఇప్పటికీ మనిషి పాకితేనే పడతాడు. మీరు దూరంగా జరిగేకొద్దీ మీ భయం పెరగాలి. పెరగకపోతే ఈ ఉద్యోగం మీకొద్దు.

కల్పించింది ఏది

బస్టాండు, ఆవలింత, నడిచే కాకులు, ఇవన్నీ మీరు ఈపాటికే కొట్టేసి ఉంటారు. అవి పెంచినవి, కల్పించినవి కావు. గుమ్మడికాయ నిజం. నోట్లో పెట్టుకున్న తీగ నిజం. తెర మీది తువ్వాల నిజం. నేను లేనిది పుట్టించి చెప్పింది ఒక్కటే, రూప్లా తలుపులోంచి తల బయటపెట్టి వేసిన ఆ జోకు.

నేను పిలిస్తే రూప్లా పలకలేదు. మళ్ళీ పిలిచాను. టార్చి వేసి, తలుపులో తల దూర్చి చూశాను. అవతలి చివర గోడకు ఆనుకుని, గుండ్ల మీద మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులతో తల కప్పుకుని కూర్చున్నాడు. సైరన్ వినగానే తలుపు వైపు పరిగెత్తబోయాడు. గుండ్లు కాళ్ళకింద దొర్లి పడిపోయాడు. లేచి మళ్ళీ పడ్డాడు. ఇంతలో పంపు మొదలై, పీపా సన్నగా అదరడం మొదలుపెట్టింది. ఇక తిరుగుతుందనుకుని అవతలికి జరిగిపోయాడు.

నేను లోపలికి పాకాను. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే నన్ను గుర్తుపట్టలేదు. మాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడిన మనిషి, పెదాలు కదలకుండా, తండాలో వాళ్ళింటి భాషలో ఒకే మాట అంటున్నాడు.

"యాడీ... యాడీ..."

అమ్మను పిలుస్తున్నాడు.

"ఆగింది రూప్లన్నా. పంపు ఆగింది. మిల్లు తిరగది, లే."

తల అడ్డంగా ఊపి, చేత్తో ఇనుప గోడను తాకి చూపించాడు. పంపు ఆగి అప్పటికి చాలాసేపైంది. ఆయనకు ఇంకా వినపడుతూనే ఉంది.